ఆమేన్ అన్నాక

"నో అబ్జెక్షన్. రెండంటే రెండు ముక్కలు. అవి అనడానికి నీకు నోరెందుకు రావట్లేదే?"

పెరుగు చట్నీకి ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే అడిగింది జోసఫిన్. చీరాల నుంచి అమెరికాకు, కొడుకు దగ్గరకు వచ్చాక ఆవిడ కోడలితో ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు.

"ముక్కలు రెండే అత్తయ్యా. వాటి వెనకాలే ఇంట్లోకి వచ్చేది ఇంకొకటి ఉంది," అంది అబిగేల్.

"వచ్చేది నీ మొగుడి వస్తువేగా. పరాయివాళ్లదా?"

"పరాయివాళ్లదైతే ఇంత భయం ఉండేది కాదు."

కత్తి ఆగింది. పొయ్యి మీద గోంగూర మటన్ కుతకుతమంటోంది.

పెరటి వైపు అద్దాల తలుపు తోసుకుని సైలస్ లోపలికి వచ్చాడు. రెండు చేతుల్లోనూ సాయంత్రం ప్రార్థన కూటానికి తెచ్చిన మడత కుర్చీలు. చాండ్లర్‌లో నవంబరు వచ్చినా మధ్యాహ్నపు ఎండ తన పట్టు వదలదు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"అబీ, కొంచెం మెల్లగా. దైవాశీర్వాదం అంకుల్ గరాజ్‌లోనే ఉన్నారు."

"విననివ్వండి. మనం గుసగుసలాడితే మాత్రం ఆయనకు తెలియదా? గ్రూపులో పెట్టిందే ఆయన."

చర్చి వాట్సాప్ గ్రూపులో వారం నుంచీ అదే ప్రార్థన అంశం: 'బ్రదర్ సైలస్ గారి కోర్టు విషయంలో విజయం కొరకు.' దాని కింద జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరాయి. నిన్న పాస్టరమ్మ గారు ప్రేమజ్యోతి, ఆవిడతోపాటు కొందరు సిస్టర్లు సాయంత్రం దాకా ఉపవాసం కూడా ఉన్నారు. ఏమి విజయమో ఎవరూ రాయలేదు. రాయకపోయినా తెలియనివాళ్లు లేరు.

భార్య మీద చెయ్యి చేసుకున్నాడని రెండేళ్ల కిందట సైలస్‌కు శిక్ష పడింది. ఆ తీర్పుతోపాటే తుపాకి పెట్టుకునే హక్కూ పోయింది. కోపం అదుపులో పెట్టుకోవడానికి కోర్టు వెళ్లమన్న క్లాసులు అయిపోయాయి, ప్రొబేషన్ గడువు అయిపోయింది, ఇక ఆ పాత తీర్పును కొట్టేసి హక్కు తిరిగి ఇప్పించమని అతను కోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు. సోమవారమే హియరింగ్. దెబ్బ తిన్న మనిషిని కూడా జడ్జి అడుగుతారని, ఆ మనిషి అభ్యంతరం లేదంటే పని చాలావరకు సులువవుతుందని లాయర్ చెప్పాడు.

ఆ మనిషి అబిగేల్.

సైలస్ కుర్చీలను గోడకు ఆనించాడు. "ఒక్కటి అడుగుతాను. నేను ఎప్పుడైనా దాన్ని నీ మీదకు ఎత్తానా?"

"లేదు."

"మరి?"

"ఎత్తలేదు. ఆదివారం చర్చిలో డ్యూటీ ఉందని ఆ బల్ల మీద గుడ్డ పరిచి, దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను కాలేజీలో ఇంగ్లిష్ క్లాసుకు వెళ్తానన్నాను. మీరు తుడుస్తూనే వద్దన్నారు. నేను మళ్లీ అడిగాను. లేచి తోశారు. నా చెయ్యి వెళ్లి కౌంటర్ అంచుకు తగిలింది. అది మాత్రం బల్ల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎత్తాల్సిన అవసరం మీకు రాలేదు."

సైలస్ ముఖం ఎర్రబడింది.

"నేను రెండు నిమిషాలు బయట నించుని వస్తాను," అన్నాడు. "అలిగి కాదు."

తలుపు మెల్లగా వేసుకుని వెళ్లాడు. ఒకప్పుడు ఇదే తలుపు అద్దం అదిరేలా పడేది.

కౌంటర్ దగ్గర ఎత్తు కుర్చీలో ద్రాక్షపళ్లు తింటున్న నాలుగేళ్ల దియ, అమ్మ ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది. "మామ్, నువ్వు చాలా లౌడ్ ఉన్నావ్."

"అవునమ్మా. లౌడ్‌గానే ఉన్నాను."

ఆ మాట అన్నాక అబిగేల్‌కు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తుపాకి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ చిన్న మాట అనాలన్నా ముందు ఆమె కళ్లు పడకగది క్లాజెట్ పై అర వైపు తిరిగేవి. తుపాకి పెట్టె మూసి ఉందా, తీసి ఉందా? అతను ఆఫీస్ నుంచి విసుగ్గా వచ్చాడా, మామూలుగా వచ్చాడా? ఇవన్నీ చూసుకునేలోపు అనాల్సిన మాట చల్లారిపోయేది. ఇప్పుడు ఆ అరలో దియ పసితనపు దుప్పట్లు ఉన్నాయి. ఇప్పుడామె కూరలో ఉప్పు గురించి పోట్లాడుతుంది. మొన్న హోమ్ డిపో షాపు పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టాలనే దాని మీద కూడా పోట్లాడింది, అదీ నవ్వుతూ. మొగుడితో మనసారా పోట్లాడుకోగలగడం కూడా దేవుడు చేసే మేళ్లలో ఒకటని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పెట్టె మళ్లీ ఆ అరలోకి వస్తే ఈ గొంతు ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు.

* * *

"వందనాలమ్మా అబిగేల్. మీ ఇంటి విషయంలో దూరుతున్నానని అనుకోకు."

"దూరారుగా అంకుల్. మజ్జిగ ఇవ్వనా?"

దైవాశీర్వాదం మొహమాటంగా నవ్వి గ్లాసు అందుకున్నాడు. చర్చి పెద్దల్లో ఆయనది ముందు వరస. ఆజానుబాహువు. పాస్టర్ గారు వాక్యం ముగించేలోపే ఆమేన్ అని అందుకునే కంఠం ఆయనదే. చర్చికి సెక్యూరిటీ టీమ్ ఉండాలని పట్టుబట్టి పెట్టించింది కూడా ఆయనే. అందులో సైలస్ మొదటివాడు. కోటు కింద పిస్తోలు పెట్టుకుని ఆరాధన జరుగుతున్నంతసేపూ గుమ్మంలో నిలబడేవాడు. శిక్ష పడ్డాక అతన్ని పార్కింగ్‌లోకి మార్చారు. ఇప్పుడు పసుపు జాకెట్ వేసుకుని, వచ్చే కార్లకు చెయ్యి చూపిస్తుంటాడు. ఆ జాకెట్ సైలస్‌ను ఎంత కోస్తుందో అబిగేల్ చూస్తూనే ఉంది.

"తాగి కారు నడిపినవాడికి కొన్నాళ్లకు లైసెన్స్ తిరిగి ఇస్తారమ్మా," అన్నాడు దైవాశీర్వాదం. "మనవాడు ఒక్కసారి తోశాడు. తప్పే. నేను తప్పు కాదనట్లేదు. శిక్ష పడింది, పూర్తి చేశాడు. ఇంకా జన్మంతా మెడలో పలక వేసుకుని తిరగాలా? మారినవాడికీ మారనివాడికీ ఒకటే రూల్ అయితే, మనిషి మారడం దేనికి?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. రాత్రి పక్కమీద అబిగేల్ కూడా ఇదే ప్రశ్న వేసుకుంది.

"ఆయన మారారంకుల్. దానికి నేనే సాక్షిని, కోర్టులో కూడా చెప్తాను," అంది. "ఆయన మళ్లీ పాత మనిషి అవుతారని కాదు నా భయం. ఆ వస్తువు ఇంట్లోకి వస్తే నేను పాత మనిషినైపోతాను. నాకు మళ్లీ నోరు పడిపోతుంది."

"క్షమించావా లేదా? అది చెప్పు."

"క్షమించాను."

"క్షమించినవాళ్లు గుర్తు పెట్టుకోరమ్మా."

"మీకు రొయ్యలు పడవని ఆంటీ గుర్తు పెట్టుకుని మీకు విడిగా వండుతారు కదా. రొయ్యల మీద పగతోనా?"

ఉల్లిపాయల దగ్గర జోసఫిన్ భుజాలు ఒక్కసారి కదిలాయి. నవ్వో దగ్గో తెలియలేదు.

దైవాశీర్వాదం గ్లాసు కడిగి బోర్లించాడు. మనిషి మంచివాడే. "సరేనమ్మా. సాయంత్రం సాక్ష్యం నువ్వే చెప్పాలి. వాదనలు వద్దు. కృతజ్ఞత కూటం కాబట్టి మేళ్లు తలుచుకుని స్తోత్రాలు చెల్లించు, చాలు."

"స్తోత్రాలే చెప్తానంకుల్," అంది అబిగేల్.

* * *

ఎండ గోడ దిగి పక్కింటి పెరట్లోకి జారుకునే వేళకు కుర్చీలన్నీ నిండాయి. పిల్లలు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టర్ గారు చిన్న మైకు అబిగేల్ చేతికి ఇచ్చారు.

ఇంతమంది ముందు నిలబడి మాట్లాడటం ఆమెకు అలవాటు తప్పింది. డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్లయింది. అప్పట్నుంచి మైకు పట్టుకున్నది లేదు. దియ వచ్చి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుంది. ఆ చిన్న పట్టే ఆమెను నిలబెట్టింది.

"అందరికీ వందనాలు."

"వందనాలు," అన్నారందరూ.

"అప్పుడు నా చెయ్యి విరిగితే మెట్ల మీద నుంచి పడ్డానని మీకు చెప్పాను. మా ఇంటికి మెట్లు లేవు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ముందు వరసలో సైలస్ తల వంచుకున్నాడు.

"ఆ చేత్తోనే ఇప్పుడు నా బిడ్డను ఎత్తుకుంటున్నాను. దేవునికి స్తోత్రం."

"ఆమేన్."

"ఆ రోజు పోలీసులకు ఫోన్ చేసింది నేనే. సంగతి బయటపడ్డాక, చెయ్యకుండా ఉండాల్సిందని చాలామంది అన్నారు. వచ్చిన పోలీసావిడ మా వంటింట్లో నేల మీద నా పక్కన కూర్చుంది. నాకు ఇంగ్లిష్ మాటలు దొరికేదాకా ఓపిగ్గా ఆగింది. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. ఆవిడను పంపినందుకు స్తోత్రం."

"ఆమేన్," అన్నారు. ఈసారి కొంచెం పల్చగా.

"తర్వాత ఈయన క్లాసులకు వెళ్లారు. వానొచ్చినా, ఆఫీస్‌లో షిఫ్ట్ ఉన్నా మానలేదు. ఇప్పుడు కోపం వస్తే చెప్పి బయటికి వెళ్తారు, చెప్పినట్టే తిరిగి వస్తారు. పోయినేడు నా ఇంగ్లిష్ క్లాసుకు ఆయనే కారులో దింపి, అయ్యేదాకా దియను పట్టుకుని లైబ్రరీలో కూర్చున్నారు. ఇలాంటి మనిషిని నాకు తిరిగి ఇచ్చినందుకు స్తోత్రం."

"ఆమేన్."

అది దైవాశీర్వాదం గొంతు. పెరడంతా ఆయన్ని అందుకుంది. ప్రేమజ్యోతి కొంగుతో కళ్లద్దుకుంది. చెప్పేకొద్దీ అబిగేల్ తలపుకు వచ్చే మేళ్లు పెరుగుతున్నాయే గాని తరగడం లేదు.

"నేనిప్పుడు ఇంట్లో గట్టిగా మాట్లాడుతున్నాను. ఈ మధ్యాహ్నం మా అత్తయ్యతో కూడా పోట్లాడాను."

అందరూ నవ్వారు. "ఆమేన్," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"భయం లేకుండా పోట్లాడుకునే ఇల్లు ఇచ్చినందుకు స్తోత్రం."

"ఆమేన్."

"ఈ ఇంట్లో తుపాకి లేనందుకు దేవునికి స్తోత్రం."

"ఆమేన్."

అందరికంటే ముందు అన్నది, అందరికంటే గట్టిగా అన్నది దైవాశీర్వాదమే. ఆ మాట నోట్లోంచి బయటికి వెళ్లాకగాని ఏ మాటకు ఆమేన్ అన్నాడో ఆయనకు అందలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

వరసల్లో ఒక్కొక్కరే తలెత్తారు. పక్కవాళ్ల ముఖాలు చూసుకున్నారు. వారమంతా గ్రూపులో జోడించిన చేతులు ఒకవైపు, ఇప్పుడు నోరారా అన్న ఆమేన్ ఇంకొకవైపు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

అబిగేల్ మైకు దించలేదు. "అది మళ్లీ ఈ గడప తొక్కకూడదని నా ప్రార్థన."

ఎవరూ పలకలేదు. నిశ్శబ్దం ఎందుకు వచ్చిందో తెలియని దియ మాత్రం, పూర్తి చేయాల్సింది తనే అనుకుని, తన అమెరికా పలుకుతో "ఏమెన్" అంది.

పాస్టర్ గారు గబగబా లేచి పాట ఎత్తుకున్నారు.

* * *

"నేను అన్నది ఆ ఉద్దేశంతో కాదు అమ్మగారూ," అంటున్నాడు దైవాశీర్వాదం, ప్లేటు పట్టుకుని పాస్టరమ్మ గారి వెనకాలే తిరుగుతూ. "ఫ్లోలో వచ్చేసింది."

"అన్న ఆమేన్‌ని వెనక్కి తీసుకునే ప్రార్థన నాకు తెలిసి ఏదీ లేదు బ్రదర్," అంది ప్రేమజ్యోతి. "ముందు పలావ్ తినండి, చల్లారిపోతోంది."

ఆవిడ అబిగేల్ దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది. విరిగి అతికిన చేతినే పట్టుకుంది. "నిన్న ఉపవాసం ఉన్నది దేనికోసమో ఇప్పుడు నాకే తెలియట్లేదే తల్లీ," అని, ఇంకేమీ అనకుండా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. అది చాలనిపించింది అబిగేల్‌కు.

ఖాళీ ట్రేలు తీసుకుని వంటింట్లోకి వచ్చేసరికి జోసఫిన్ సింకు దగ్గర నిలబడి ఉంది. నీళ్లు పారుతున్నాయి గాని చేతులు కదలడం లేదు.

"నా మీద కోపమా అత్తయ్యా?"

ఆవిడ పంపు కట్టేసింది.

"మీ మామగారి బెల్టు తలుపు వెనకాల మేకుకు వేలాడుతుండేది. కొట్టింది తక్కువే. అబద్ధం చెప్పకూడదు, బహు తక్కువ. నేను ఆ మేకు వైపు చూసిందే ఎక్కువ. ఆయన పోయాక మేకు పీకించేశాను. ఆ మర్నాడు మా చెల్లెలు వచ్చి, ఏంటక్కా ఇంత గట్టిగా మాట్లాడుతున్నావ్, చెవుడేమైనా వచ్చిందా అంది."

"మరి మధ్యాహ్నం నన్ను..."

"వాడు నా కొడుకే. పసుపు జాకెట్ వేసుకుని ఎండలో నించుంటుంటే చూడలేకపోయాను. నువ్వు చెప్పింది నిజం. నేను అడిగిందీ నిజమే. ఏం చేయమంటావ్?"

అబిగేల్ ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుంది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఒకరు తోముతుంటే ఒకరు తుడిచారు. అత్తాకోడళ్లు ఒకరినొకరు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు కూడా ముఖాలు చూసుకోలేదు.

అద్దాల తలుపు కొంచెం తెరిచే ఉంది. పెరట్లో దైవాశీర్వాదం సైలస్‌ను పక్కకు పిలిచి మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించానని ఆయన అనుకున్నాడు గాని, ఆయన గొంతు తగ్గేది కాదు.

"బ్రదర్, నా మాట విను. అమ్మాయికి డ్రైవింగ్ రాదు. సోమవారం నువ్వొక్కడివే వెళ్లు. ఆవిడ రాకపోతే అభ్యంతరం లేదనుకుంటారు. గొడవ ఉండదు, ఇంట్లో శాంతి ఉంటుంది."

అబిగేల్ చేతిలో తుడిచే గుడ్డ ఆగిపోయింది. సైలస్ ఏదో అన్నాడు. అంతలో పిల్లలు అరుస్తూ పరుగెత్తారు. అతని జవాబు ఆ అరుపుల్లో కలిసిపోయింది.

కాసేపటికి కార్లు ఒక్కొక్కటిగా కదిలాయి. సైలస్ నిద్రలోకి జారుకుంటున్న దియను భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. జోసఫిన్ ఇద్దరినీ చూసి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్లిపోయింది.

"అంకుల్ అన్నది విన్నాను," అంది అబిగేల్. "మీరన్నది వినపడలేదు."

"ట్రాఫిక్ ఉంటుంది కదా, మేమిద్దరం పెందరాళే బయల్దేరతామని చెప్పాను."

అబిగేల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవా నీకు వందనాలు, అనుకుంది లోపల.

"నన్ను తీసుకెళ్తే నేనేం చెప్తానో తెలుసుగా?"

"ఇందాక ఊరందరి ముందూ చెప్పావుగా. ఇంకా సందేహమా?" అతని పెదవి చివర నవ్వు లాంటిది మెరిసి పోయింది. "అందరూ ఆమేన్ అన్నారు. నేను అన్నానో లేదో అడగవేం?"

ఆమె అడగలేదు. అడగడానికి భయపడిందని అతనికి తెలిసింది.

"అనలేదు," అన్నాడు సైలస్. "నోటిదాకా వచ్చింది. అందరితోపాటు అనేసి ఉంటే ఈ పూట నువ్వు సంతోషపడేదానివి. కానీ నాకింకా అది కావాలనే ఉంది అబీ. ఆ గుమ్మంలో నిలబడాలనే ఉంది. కావాలని ఉంచుకుని వద్దని ఎలా అనను? నిన్ను తోసినవాడినని ఒప్పుకున్నాను. అబద్ధాలవాడిని కూడా కాలేను."

ఆ మాటకు ఆమెకు గుండె జారింది. అయినా, ఎందుకో, తేలికగా కూడా అనిపించింది. ఒకప్పుడైతే అతను ఏమనుకుంటున్నాడో తెలుసుకోవడానికి అతని చెప్పుల చప్పుడు వినాల్సి వచ్చేది. ఇప్పుడు అతనే చెబుతున్నాడు. ఆమెకు నచ్చని మాటే, మెల్లగా, బిడ్డ నిద్ర చెడకుండా.

"మరి జడ్జి అడిగితే మీరేమంటారు?"

సైలస్ దియను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"కోర్టు దాకా దారి చాలానే ఉందిగా. కార్లో నువ్వు గట్టిగానే మాట్లాడు. అడ్డు రాకుండా వింటూ నడుపుతాను. అక్కడ దిగేసరికి నేనేమంటానో నాకూ తెలుస్తుంది."

"అంతా విన్నాక కూడా కావాలనిపిస్తే?"

సైలస్ ఆమె వైపు చూశాడు. "అప్పుడూ జడ్జి కంటే ముందు నీకే చెప్తాను," అని, దియ తలకు చెయ్యి ఆసరా ఇచ్చి, పడకగదిలోకి నడిచాడు.